సెకండ్ గేరు ఊళ

"మేస్త్రీ, నువ్వు బిగించింది గేర్‌బాక్సా, నక్కల గుంపా? సెకండ్ గేరు వేస్తే చాలు, ఊళ పెడుతోంది. విప్పి అవతల పడెయ్!"

లారీ దిగీ దిగకముందే డ్రైవరు అరిచాడు. మేస్త్రీ తాపీగా చేతులు తుడుచుకున్నాడు.

"తుక్కు కొట్లో దొరికిన సరుకు అన్నా. మీద నంబరు అరిగిపోయింది. ఏ బండిదో కనుక్కునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి నీ క్లచ్ ప్లేటు దీని షాఫ్టుకి తొడిగి చూస్తే చేతికి గాజులా ఎక్కింది. నీ మోడలుదే, అనుమానం లేదు. లోపల ఒక బేరింగు అరిగిందంతే. కొత్తది దొరికేదాకా ఇలాగే తిప్పు. ముసలి బండి, కాస్త మూలగనీ."

డ్రైవరు గొణుక్కుంటూనే బండి తీశాడు. పొద్దుగూకే వేళకి తన గది ఉన్న వీధి చేరాడు. అదంతా ఎత్తు. సెకండ్ గేరు వేయక తప్పలేదు. ఊళ వీధంతా వినిపించింది. అప్పుడే ఒక ఇంటి తలుపు తెరుచుకుంది. ఒకావిడ గబగబా మెట్లు దిగి గేటు దాకా వచ్చింది. అతని ముఖంలోకి చూసి, బరువుగా ఊపిరి వదిలి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

అతని కోసం తలుపు తీసేవాళ్ళు లోకంలో ఎవరూ లేరు. గదికి తాళం వేసేదీ తనే, తీసేదీ తనే. గోడతో మాట్లాడటం కూడా అలవాటైపోయింది. అలాంటివాడికి, తన బండి చప్పుడు విని ఒక మనిషి పరుగున రావడమంటే మాటలా! ఎత్తు దగ్గరికి వచ్చేసరికి అద్దంలో క్రాఫు సరిచేసుకోసాగాడు. నవ్వకండి, ఒంటరితనం ఎవరిచేతనైనా ఈ పని చేయిస్తుంది.

బేరింగు దొరికిందని మేస్త్రీ కబురు చేశాడు. డ్రైవరు వెళ్ళాడు గానీ బండి మీద చెయ్యి వేయనివ్వలేదు.

"వద్దులే. అలవాటైపోయింది."

"నక్కల గుంపన్నావుగా?"

"అన్నాను. ఇప్పుడు బాగుంది. నీకెందుకు?"

మేస్త్రీ అతని ఇస్త్రీ చొక్కాని ఎగాదిగా చూసి ముసిముసిగా నవ్వాడు.

ఆ సాయంత్రం డ్రైవరు ధైర్యం చేసి ఆ గేటు ముందు బండి ఆపాడు. దిగాడు. ఆవిడ అప్పటికే గేటు దాకా వచ్చింది.

"ఏమండీ, రోజూ చూస్తున్నాను. నా బండి చప్పుడు వినగానే బయటికొస్తారు. ఎందుకో అడగొచ్చా?"

ఆవిడ గేటు పట్టుకుని లారీ వైపు చూసింది.

"మా ఆయన లారీ కూడా ఈ ఎత్తెక్కేటప్పుడు అచ్చం ఇలాగే ఊళ పెట్టేది అన్నయ్యా. ఆయన పోయాక తుక్కుకి అమ్మేశాను."

'అన్నయ్యా' అనేసరికి అతని ప్రాణం ఉసూరుమంది. అయినా వెంటనే సర్దుకున్నాడు. అన్నయ్య అయితేనేం, ఎదురుచూసే మనిషంటూ ఒకరు దొరికారు, అది చాలు అనుకున్నాడు.

"అంటే, ఈ చప్పుడు వింటే ఆయనే వచ్చినట్టుంటుందన్నమాట," అన్నాడు మెల్లగా.

"అవునన్నయ్యా. ఆ ఊళ వినపడగానే పిల్లల్ని మంచం కింద దాచేసేదాన్ని. ఇప్పటికీ, నడిపేది ఆయన కాదని కళ్ళారా చూసుకుంటేనే గానీ నాకు ముద్ద దిగదు."