బ్యాటరీ వాచీ

వినీత్ పుట్టినరోజని దేదీప్య అతన్ని పార్సిప్పనీ దగ్గరి మాల్‌కి తీసుకెళ్ళింది. సేల్స్‌మన్ రెండు వాచీలు గాజుబల్ల మీద పెట్టాడు. ఒకటి ఆటోమేటిక్ డైవ్ వాచీ, రెండోది బ్యాటరీతో నడిచే క్రోనోగ్రాఫ్.

“డైవ్ వాచే తీసుకో. పెళ్ళికి ముందు నుంచీ దీని వీడియోలే చూస్తున్నావు,” అంది దేదీప్య.

“బ్యాటరీదే ఇప్పించు.”

“బ్యాటరీ వాచీకి ప్రాణం ఉండదని నాతో ఎన్నిసార్లు ఆర్గ్యూ చేశావు? ఇప్పుడేమైంది?”

సేల్స్‌మన్ డైవ్ వాచీని ఆమె చేతికిచ్చి, దీనికి బ్యాటరీ ఉండదని, పెట్టుకున్న చెయ్యి కదులుతుంటే దానంతటదే నడుస్తుందని, కదలకపోతే రెండు రోజుల్లో ఆగిపోతుందని ఇంగ్లీషులో చెప్పాడు.

దేదీప్య వాచీని మెల్లగా బల్ల మీద పెట్టేసింది.

“నాకు తెలీదు వినీత్.”

“పర్లేదు. ప్యాక్ చేయించకు, ఇక్కడే పెట్టెయ్.”

“ఏ చేతికి?”

“ఏదైనా ఒకటే.”

ఆమె వీల్‌చెయిర్ పక్కన కూర్చుని, అతని ఒళ్ళోంచి ఒక చేతిని ఎత్తి క్రోనోగ్రాఫ్ కట్టింది. వదలగానే చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి జారిపోయింది. వాచీ నడుస్తూనే ఉంది.