సొంత వెలుగు లేనివి

"సూర్యుడు?" అడిగింది నవోమి.

"ల్యూమినస్," అన్నారు పిల్లలంతా.

"కొవ్వొత్తి?"

"ల్యూమినస్."

"చందమామ?"

కొందరు ల్యూమినస్ అన్నారు. కొందరు కాదన్నారు.

"కాదు. చందమామకి సొంత వెలుగు లేదు. సూర్యుడి వెలుగు మీద పడితేనే మనకి కనిపిస్తుంది. మరి నేను?"

పిల్లలు నవ్వారు. "నాన్-ల్యూమినస్, ఆంటీ."

నవోమి నవ్వలేదు. "కరెక్ట్," అని టార్చిలైటు కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళోని ఆ తెలుగు చర్చికి ఎలీనా కొత్త. ఉద్యోగం మారి ఈమధ్యే పిస్కాటవే నుంచి వచ్చింది. ఆరాధన ముగిశాక, కూతురు సాన్వి ఈ క్లాసుకి వెళ్తానంటే తనూ వెంట వచ్చి వెనక వరసలో కూర్చుంది. నవోమిని ఆమె పొద్దునే చూసింది. పసుప్పచ్చ జాకెట్ వేసుకుని, రోడ్డు పక్కన గడ్డిలోంచి ఒక్కతే నడిచి వస్తోంది. ఈ ఊళ్ళో ఎవరూ అలా నడిచి ఎక్కడికీ వెళ్ళరు.

"డ్రైవ్ చేయడం మానేసింది," పక్కనున్నావిడ మెల్లగా చెప్పింది. "అది జరిగినప్పట్నుంచీ."

"ఏం జరిగిందండీ?"

ఆవిడ కళ్ళతోనే గోడవారకి చూపించింది. అక్కడ తెల్ల చీర మీద స్వెటర్ వేసుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో ఉన్న పొట్లంలోంచి చేతికి కట్టుకునే మెరిసే పట్టీలు ఒక్కొక్కటే తీసి, చిక్కు విడదీసి, బల్ల మీద పరుస్తోంది.

"రాహేలమ్మగారు. వాళ్ళాయన దైవాశీర్వాదంగారు పోయిన నవంబర్లో సాయంత్రం వాకింగ్‌కి వెళ్ళారు. గడియారాలు గంట వెనక్కి మార్చిన వారం, తొందరగా చీకటి పడిపోతోంది. రోడ్డు దాటుతుంటే కారు గుద్దింది. ఎవరి తప్పూ లేదని పోలీసులు తేల్చారు. కేసు కూడా పెట్టలేదు."

"అయ్యో. పిల్లలున్నారా?"

"ఒక్కడే కొడుకు, నోయెల్. వాళ్ళమ్మని దింపి పార్కింగ్‌లో కారులోనే కూర్చుంటాడు. నవోమి క్లాసు ఉన్న రోజు లోపలికి రాడు."

తండ్రి సంగతి వినలేక కాబోలు అనుకుంది ఎలీనా.

నవోమి సాన్విని పిలిచింది. సాన్విది నల్ల జాకెట్. గది చివర నిలబెట్టి లైట్లు ఆపేసింది. కిటికీలకి ముందే నల్ల కాగితాలు అంటించి ఉన్నాయి. ఇటు చివర నుంచి టార్చి వేసింది. వెలుతురు అంత దూరం వెళ్ళేసరికి పలచబడింది. జాకెట్ గోడలో కలిసిపోయింది. ముఖం ఒక్కటి ఉందా లేదా అన్నట్టు కనిపించింది.

రాహేలమ్మ తడుముకుంటూ వెళ్ళి సాన్వి చేతికి ఒక పట్టీ కట్టింది. మళ్ళీ టార్చి పడగానే ఆ పట్టీ భగ్గుమంది.

"ఇది ల్యూమినస్సా?"

"అవును."

"కాదు. దీనికీ సొంత వెలుగు లేదు. వచ్చిన వెలుగుని వచ్చినవైపే తిప్పి పంపుతుంది. అంతే. అంత మాత్రం చాలు."

చీకట్లోంచి సాన్వి గొంతు వినిపించింది. "ఆంటీ, ఆ తాతగారు కారు చూడలేదా? కారుకి లైట్స్ ఉంటాయి కదా."

వెనక మాట్లాడుకున్నదంతా ఆ పిల్ల విన్నదని ఎలీనాకి అప్పుడు తెలిసింది. సిగ్గుతో ముడుచుకుపోయింది.

"చూశారు," అంది నవోమి. "కారుకి సొంత వెలుగు ఉంది. ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది. నాకు కారు కనిపిస్తోంది కాబట్టి కారులోవాళ్ళకి నేనూ కనిపిస్తాను అనుకుంటాం. అందరం అలాగే అనుకుంటాం. ఆయన నేవీ బ్లూ స్వెటర్ వేసుకున్నారు. ఆగమన్నట్టు చెయ్యెత్తారు. ఆగుతుందనే అనుకున్నారు."

చందమామ గురించి చెప్పినట్టే చెప్పింది. తర్వాత లైట్లు వేసింది.

పిల్లలు భోజనాలకి పరిగెత్తారు. ఇండియా నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్ళు నలుగురైదుగురు పట్టీల కోసం నిలబడ్డారు.

"ఇవి రోడ్డు పనివాళ్ళు కట్టుకునేవి కదమ్మా. మాకెందుకు?" అన్నాడు ఒకాయన. "చీకటి పడకముందే ఇంటికొచ్చేస్తాం."

"ఈ వారం నుంచి ఐదింటికే చీకటి పడుతుందండీ," అంది నవోమి. ఆయన చెయ్యి పట్టుకుని తనే కట్టింది. ఊడిపోతుందేమోనని రెండుసార్లు లాగి చూసింది.

అందరూ వెళ్ళాక రాహేలమ్మ పలావు పెట్టించుకుని వచ్చి నవోమి ముందు పెట్టింది.

"తిను. పొద్దున కూడా ఏం తినుండవు."

నవోమి ప్లేటు వైపు చూస్తూ కూర్చుంది.

"చల్లారిపోతుంది. తిను."

రెండు ముద్దలు మందు మింగినట్టు మింగింది. ఇంకొకటి కలిపింది గానీ నోటిదాకా వెళ్ళలేదు. లేచి చెయ్యి కడుక్కోవడానికి బయటికి వెళ్ళింది.

సాన్వి మాటకి క్షమాపణ చెప్పాలని ఎలీనా ఆగిపోయింది. రాహేలమ్మ పక్కకొచ్చి కూర్చుంది.

"సారీ ఆంటీ. చిన్నపిల్ల, తెలియక అడిగింది."

"అడగనీ అమ్మా. అడిగితేనే గుర్తుంటుంది."

ఎలీనా మిగిలిన పలావు వైపు చూసింది.

"మీ కోడలు బొత్తిగా తినడం లేదు. మామగారంటే చాలా ప్రేమ అనుకుంటాను."

రాహేలమ్మ ఆ ప్లేటు మీద ఇంకో ప్లేటు మూత పెట్టింది.

"నా కోడలు కాదమ్మా, ఆ సాయంత్రం ఆ కారు నడిపింది ఈ పిల్లే," అంది.