మలక్కా బస్సు

రాజకుమారి ఫోను విసురుగా పెట్టేసింది.

"ఏమన్నాడు?" అడిగాడు రమణ, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే.

"మార్చి సెలవులంట. బింతాన్‌లో రూము రెట్టింపు రేటంట. అదీ ఇప్పుడే చెప్తే ఉంటదంట, సాయంత్రానికి ఉండదంట."

"లంకావి?"

"విమానంలో సీట్లే లేవంట."

"గెంటింగ్?"

"మీరొక్కసారి ఫోన్ చేసి కనుక్కోకూడదూ? పొద్దున్నించీ నేనే చేస్తన్నా."

రమణ తల ఇంకాస్త లాప్‌టాప్‌లోకి దూర్చాడు. వై2కె గండం గడిచిందన్న మాటే గానీ, అతని కంపెనీ ఇప్పుడు ఇంటర్నెట్ వెనకాల పడి పరుగెడుతోంది. ఈ నాలుగు రోజుల సెలవుకే మేనేజరు చుట్టూ ప్రదక్షిణలు చేయాల్సి వచ్చింది.

సింగపూరు టాంపినీస్‌లో వాళ్ళ బ్లాకు అప్పుడే సగం ఖాళీ. ఎదురు ఫ్లాటువాళ్ళు పెర్త్ వెళ్ళారు. పై ఫ్లాటువాళ్ళు బాంకాక్.

"ఎవ్రీబడీ గోయింగ్ లా," అన్నాడు పెద్దాడు గుమ్మంలో నిలబడి. "ఓన్లీ అస్ స్టేయింగ్."

ఆ మాటకి రాజకుమారికి ఏడుపొచ్చినంత పనయింది. మళ్ళీ ఫోనందుకుంది.

చివరికి దొరికింది మలక్కా. చిన్న హోటలు, బస్సు ప్రయాణం. వాళ్ళకి అందుబాటులో ఉన్నది అదొక్కటే.

ఆ బస్సులోనూ నలుగురికీ ఒకచోట సీట్లు లేవు. రమణ పెద్దాణ్ణి తీసుకుని వెనక్కి పోయాడు. రాజకుమారి పాపతో ముందు కూర్చుంది. నడవకి అవతలి సీట్లో ఒక ముసలావిడ.

"ఏటమ్మా, తెలుగోళ్ళేనా మీరు?"

"అవునండీ."

"మాదీ తెలుగే. మా తాత ఇసాపట్నం కాణ్ణించి వచ్చేడు, రబ్బరు తోటల పనికి. నా పేరు మంగతాయారు. పాప మకాన్ చేసిందా? ఇడ్లీలున్నాయి, తింటాదా?"

"వద్దండీ. బయటివి పెట్టను."

"బయటివి కాదమ్మా, నేనే ఒండేను."

రాజకుమారి కిటికీ వైపు మొహం తిప్పుకుంది.

ఆవిడ ఆపలేదు. పాప పేరు అడిగింది. ఏ క్లాసని అడిగింది. పాప నవ్వుతూ బదులిస్తుంటే రాజకుమారికి ఒళ్ళు మండింది.

"నిద్రపో," అని పాప తలని తన వైపు లాక్కుంది.

వంతెన దాటాక మలేసియా చెక్‌పోస్టు. అందరూ దిగి, పాస్‌పోర్టులు చూపించుకుని, అవతలి వైపు మళ్ళీ అదే బస్సెక్కాలి.

"లేటయితే ఎవరికోసమూ ఆగను," డ్రైవరు ముందే చెప్పాడు. "తర్వాత మీ పాట్లు మీవి."

సెలవుల రద్దీ. వరస ఎంతకీ కదలదు. తీరా తమ వంతు వచ్చాక, పాప వీసాలో పేరు ఒక అక్షరం తేడా ఉందని ఆఫీసరు నలుగుర్నీ పక్క గదిలో కూర్చోబెట్టాడు.

"వీసాకి రాసిచ్చింది మీరేగా?" అంది రాజకుమారి.

"ఆఫీసు పనిలో పడి సరిగ్గా చూసుకోలేదు."

"మా సంగతి ఏనాడు చూసుకున్నారు గనక?"

పిల్లలు బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు.

ఎలాగో ఆ గదిలోంచి బయటపడ్డారు. ఈపాటికి బస్సు పోయే ఉంటుంది. పెట్టెలన్నీ అందులోనే. ఈ ఒక్క ప్రయాణమూ ఇలా తగలడిందనుకుంటూ రాజకుమారి పాపని చంకనేసుకుని పరుగెత్తింది.

బస్సు ఉంది.

"థాంక్యూ, థాంక్యూ," అన్నాడు రమణ రొప్పుతూ.

డ్రైవరు మొహం గంటు పెట్టుకుని, జవాబివ్వకుండా ఇంజను స్టార్ట్ చేశాడు. బస్సులో వాళ్ళంతా గుర్రుగా చూస్తున్నారు. వెనకనించి ఎవరో చైనీసులో గొణిగారు.

రాజకుమారి తలొంచుకుని సీట్లో కూలబడింది.

"వచ్చేరా అమ్మా? ఏటైంది? పాప గాని ఏడిసిందా?" మంగతాయారు ఇటు వంగింది.

అంతే. ఇన్నాళ్ళుగా పళ్ళ బిగువున పట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"మా సంగతి మీకెందుకండీ? ఎక్కినప్పట్నించీ చూస్తన్నా. అసలు మీరెవరు మాకు?"

బస్సులో నలుగురూ తిరిగి చూశారు.

మంగతాయారు వెనక్కి జరిగింది. చీరకి అంటిన దుమ్ము దులుపుకుని, కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత దారిపొడుగునా ఆవిడ గొంతు వినపడలేదు.

యోంగ్ పెంగ్‌లో టీ కోసం బస్సు ఆగింది. ఆవిడ సంచి భుజాన వేసుకుని లేచింది. పాప తల నిమరబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. నెమ్మదిగా దిగి, పక్కన ఆగి ఉన్న పల్లె బస్సెక్కింది. అది వెంటనే కదిలిపోయింది.

వేడి టీ గొంతు దిగాక రాజకుమారి మనసు కాస్త కుదుటపడింది. పెద్దావిణ్ణి అంత మాట అనకుండా ఉండాల్సింది. అయినా ఆవిడకి మాత్రం అంత ఆరాలెందుకు?

అందరూ ఎక్కాక, తలలు లెక్కపెట్టుకుంటూ వచ్చిన డ్రైవరు రాజకుమారి సీటు దగ్గర ఆగాడు. తమిళ యాస ఇంగ్లీషులో అడిగాడు.

"మీ అమ్మగారు ఇక్కడే దిగిపోయారే. మీరు దిగరా?"

"మా అమ్మా? ఆవిడెవరో మాకు తెలీదు."

డ్రైవరు ఆమెని ఎగాదిగా చూశాడు.

"మరి చెక్‌పోస్టు దగ్గర నేను బస్సు తీయబోతే, ‘నా కూతురూ మనవలూ ఇంకా లోపలే ఉన్నారు, వాళ్ళని వదిలేసి ఎలా పోతావు?’ అని ఆవిడ చక్రం ముందు నేలమీద కూర్చుందేం?"