కిటికీలో సీసా

"గాజుసీసాలో పోసి కిటికీలో పెట్టారా, టీ ఆకుని చేతులారా చంపుకున్నట్టే!"

ముందు గదిలో కాబోయే వియ్యంకుడి గొంతు ఖంగుమంది. వంటింట్లో పిల్ల తల్లి ఉలిక్కిపడింది. ఇప్పుడే కిటికీలోంచి దింపిన గాజుసీసా ఆవిడ చేతిలోనే ఉంది. ఖరీదైన టీ అని, గొప్పవాళ్ళొస్తే తీద్దామని, ఇన్నాళ్ళూ కట్టుకున్నవాణ్ణి కూడా ముట్టుకోనివ్వలేదు. తీరా వచ్చిన గొప్పవాడు టీ కంపెనీలో సరుకు రుచి చూసి మంచీచెడూ తేల్చే మనిషి!

"వెలుతురు, గాలి తగిలితే పరిమళమంతా ఎగిరిపోతుంది బావగారూ. ఎర్రటి మెరుపు మట్టిరంగుకి దిగుతుంది. పైగా పక్కన ఏముంటే దాని వాసన పీల్చేస్తుంది."

సీసా పక్కనే ఉన్న బట్టలసబ్బుల కట్ట ఆవిణ్ణి వెక్కిరించింది. ఇంట్లో వేరే టీ చిటికెడు లేదు.

"నిన్ననే మా గోదాము మనిషిని పనిలోంచి తీయించాను. ఒక్క పెట్టెకీ వాసన లేదు. రంగు బాగానే ఉందండీ అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. నా ముక్కుతో వాదమా?"

పిల్ల సంబంధం ఈ కప్పులోనే మునిగిందనుకుంటూ ఆవిడ తల వంచుకుని టీ తెచ్చింది.

ఆయన కళ్ళు మూసుకుని వాసన పీల్చాడు. గుక్క తాగి కప్పులోకి ఒకసారి చూశాడు.

"అద్భుతం చెల్లెమ్మా!"

ఆవిడ భర్త మాత్రం బట్టలు నానేసిన బకెట్లో మూతి పెట్టినవాడిలా మొహం పెట్టి, భార్య చూపుకి భయపడి మింగేశాడు. వియ్యంకుడు చుక్క మిగల్చలేదు. సంబంధం ఖాయమైంది.

ఆవిడకి మాత్రం తలెత్తబుద్ధి కాలేదు. తన పరువు నిలబెట్టడానికి అంతటి మనిషి ఆ పాడు టీ తాగాడే అని కుమిలిపోయింది. ఆయన గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఇక ఆపుకోలేకపోయింది.

"క్షమించండి అన్నయ్యగారూ, సిగ్గుతో చచ్చిపోతున్నాను. తెలిసీ ఎలా తాగారండీ?"

"పోనీలే చెల్లెమ్మా. చప్పబడింది, వాసన లేదు, అంతేగా. ఆ మాత్రానికి ఆడపిల్ల తల్లిని చిన్నబుచ్చుతానా?"

"వాసన లేకపోవడమేమిటండీ! సబ్బుకంపుతో ముక్కు పగిలిపోతుంటేనూ!"

రెండో చెప్పు తొడుక్కోబోతున్న కాలు గాలిలోనే ఆగింది. ఆయన గుమ్మం పట్టుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"సబ్బు వాసన నాకు రాలేదమ్మా" అన్నాడు, తల వాల్చేసి. "నిన్న గోదాములో... టీ వాసన కూడా."