ఊరికే చూడ్డానికి

"మళ్లీ దాపురించిందిరా దేవుడా!" అనుకున్నాడు సేల్స్‌మన్. గాజు తలుపు తోసుకుని వస్తున్న ఆవిడను చూడగానే అతనికి ఒళ్లు మండిపోయింది.

వరసగా ఇది మూడో రోజు. అవే నలిగిన బట్టలు, అదే చేతిసంచీ. నేరుగా చౌక ఫోన్ల బల్ల దగ్గరికి పోవడం, ఒక్కొక్కటీ తీసి చూడటం, ప్రశ్నలతో అతన్ని వేపుకు తినడం. కొనేది లేదు, పెట్టేది లేదు.

మామూలు రోజైతే ఓర్చుకునేవాడే. కానీ పొద్దున్నే ఓనరు అందరి ముందూ కడిగి పారేశాడు.

"ఒరేయ్ డిస్కౌంటూ, సాయంత్రంలోగా ఆ బల్ల మీది సరుకులో ఒక్క ఫోనైనా అమ్మావా సరే. లేకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ డిస్కౌంటు ఇస్తానంటాడని అతనికా పేరు. ఇంట్లో భార్యకి నెలలు నిండాయి. ఇప్పుడు ఉద్యోగం ఊడితే ఆ మనిషికి ముఖమెలా చూపించాలో అతనికి తెలియదు.

మొదటి రోజు ఆవిడ మీద బోలెడు ఆశ పెట్టుకున్నాడు.

"వీటిలో ఎక్కువమంది తీసి చూసేది ఏది బాబూ?" అని అడిగిందావిడ.

"ఇదేనమ్మా. ఈ ధరకి దీన్ని మించింది లేదు. షాపులో కాలుపెట్టిన ప్రతివాళ్లూ ముందు దీన్నే పట్టుకుంటారు."

"మరి ఆ అద్దాల బీరువాలోవి?"

"వాటినెవరు చూస్తారమ్మా? రేటు వినగానే పారిపోతారు."

ఆవిడ తల ఊపింది. ఆ తర్వాత బీరువా వైపు కన్నెత్తి చూడలేదు. పొదుపెరిగిన మనిషి, తప్పకుండా కొంటుంది అనుకుని మంచినీళ్లు కూడా తెచ్చిచ్చాడు.

రెండో రోజు తల ప్రాణం తోకకు తెచ్చింది. బ్యాటరీ గురించి చెబితే వినదు. మెమరీ అంటే అక్కర్లేదంటుంది. కాగితాన్ని ఫొటో తీస్తే చిన్న అక్షరాలు కూడా చదవడానికొస్తాయా? తీసిన ఫొటోని తెర మీద ఎలా పెట్టుకోవాలి? వెలుతురు ఎంతవరకు పెంచొచ్చు? రాత్రి షాపు కట్టేశాక వీటిని ఆపేస్తారా? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది వ్యవహారం. అయినా పళ్ల బిగువున అన్నీ నొక్కి చూపించాడు. అంతా విని, "రేపొస్తాను" అని వెళ్లిపోయింది.

ఇదిగో, వచ్చింది.

"ఇవాళైనా తీసుకుంటారా అమ్మా?"

"కెమెరా చూస్తాను."

సంచీలోంచి అరచేతిలో పట్టేంత కాగితమేదో తీసింది. అతనికి వీపు పెట్టి, మొదటి ఫోన్‌తో దాన్ని ఫొటో తీసింది. ఏవేవో నొక్కింది. రెండో ఫోన్ తీసుకుంది. మళ్లీ అదే కాగితం. తర్వాత మూడోది. బల్లకి అడ్డంగా నిలబడి, ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతూ ఒక్కదాన్నీ వదలడం లేదు.

ఈలోగా మొగుడూ పెళ్లాం ఎవరో వచ్చారు. బల్ల దగ్గర చోటు దొరక్క, కాసేపు చూసి పక్క షాపుకి పోయారు. క్యాష్ కౌంటర్లోంచి ఓనరు కొరకొరా చూశాడు.

అతనిక ఆగలేకపోయాడు.

"చాలమ్మా! ఫోన్ కొనడానికొచ్చారా, నా ప్రాణం తీయడానికొచ్చారా? మీ మూలంగా వచ్చిన బేరం పోయింది! మీకు పనీపాటా లేకపోతే మాకూ లేదా?"

"అరవకు బాబూ. ఇంకొక్కటే ఉంది."

"ఒక్కటీ లేదు, సగమూ లేదు! ఇటివ్వండి!"

ఫోన్ పట్టుకుని లాగాడు. ఆవిడ వదల్లేదు. దానికి కట్టిన వైరు తెగేంత పనయింది.

"ఏం, చూడ్డానిక్కూడా డబ్బులు తీసుకుంటారా?" ఆవిడా గొంతు పెంచింది. కళ్లు ఎర్రబడ్డాయి. "ఏ షాపుకెళ్లినా ఇదే కసురు, ఇదే గెంటుడు. ఒక్కడికీ ఓ నిమిషం ఓపిక లేదు. మనుషులేనా మీరు?"

"ఓహో, షాపులన్నీ ఏడిపించి మా మీద పడ్డారన్నమాట!"

"మాటలేంట్రా దాంతో? ముందు బయటికి పంపించు!" అని కౌంటర్లోంచి గర్జించాడు ఓనరు.

అతను విసురుగా తలుపు తెరిచి దారి చూపించాడు. ఆవిడ తొందర తొందరగా ఆఖరి ఫోన్ మీద ఏదో నొక్కింది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, కాగితాన్ని సంచీలో దాచుకుని బయటికి నడిచింది. మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగింది.

"రాత్రి వాటిని ఆపేయకు బాబూ."

"పిచ్చి ముదిరింది" అని గొణుక్కుంటూ ధడాలున తలుపు వేశాడు.

కాసేపటికి ఇందాకటి మొగుడూ పెళ్లాం తిరిగొచ్చారు. "పక్కషాపులో ఏవీ నచ్చలేదండీ. తక్కువలో మంచిది చూపించండి" అన్నాడు మొగుడు.

సేల్స్‌మన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఉద్యోగం నిలబడ్డట్టే. ఓనరు వైపు గర్వంగా ఓ చూపు విసిరాడు.

"ఇది చూడండి మేడమ్! ఈ రేటుకి ఇలాంటి తెర ఎక్కడా దొరకదు. ఎంత కళగా ఉందో మీరే చూడండి" అంటూ బటన్ నొక్కి ఆమె చేతికిచ్చాడు.

ఆమె చూసింది. ముఖంలో రంగు మారింది. పక్క ఫోన్ బటన్ నొక్కింది. దాని పక్కది నొక్కింది.

"ఏమండీ, అన్నిట్లోనూ ఇదే ఉంది" అంది మొగుడితో.

సేల్స్‌మన్ ముందుకు వంగి చూశాడు.

బల్ల మీద ప్రతి తెరలోనూ రెండు జడల పాప ఒకతి ముందుపన్ను ఊడిన నోటితో నవ్వుతోంది, ఆ నవ్వు కింద చేతిరాతతో, చిన్న అక్షరాలే అయినా స్పష్టంగా, "మా పాప తప్పిపోయింది, చూసినవాళ్లు దయచేసి ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని ఉంది.