దారి మీద కొమ్మలు

న్యాంగులు అనే మా డ్రైవరు మామిడి కొమ్మలు విరిచి ఆంబులెన్సుకి వెనక కొన్ని, ముందు కొన్ని దారి మీద పరిచాడు.

ఫ్యాను బెల్టు తెగిందట. ఫోనుకి సిగ్నలు లేదు. సంత దాకా నడిచి వెళ్ళి కొత్తది తెస్తానన్నాడు.

"ఇట్టే వచ్చేస్తా పెద్దమ్మా," అని చెప్పి పోయాడు. ఇట్టే అంటే ఎంతసేపో నన్నడగొద్దు.

బండిలో నా కూతురు మైనాల పడుకుని ఉంది. తొలి కాన్పు. నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది.

బిడ్డ అడ్డం తిరిగిందని మా ఊరి క్లినిక్కు నర్సు చెప్పింది. జిల్లా ఆసుపత్రిలో కోసి తీస్తే తప్ప ఇద్దరూ దక్కరని నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పింది.

మైనాల ఈ బండి ఎక్కనంటే ఎక్కనని మొండికేసింది.

దాని తప్పేం లేదు. సముద్రాల అవతలి దాతలు ఈ బండి ఇచ్చిన రోజు ఊరు ఊరంతా చిందులేసింది. నేనైతే గొంతు బొంగురుపోయేదాకా పాడాను. తలుపు మీద నవ్వే పసిపాప బొమ్మ కూడా వేయించి పంపారు. అంత ముచ్చటగా బండి పంపిన మహానుభావులు డీజిలు సంగతి మాత్రం మర్చిపోయారు.

దాంతో ప్రాణం మీదికి వస్తే తప్ప ఆ బండి కదలదు. ఆలస్యంగా తీసుకుపోయిన మనిషిని గుడ్డలో చుట్టి తిరిగి తెస్తుంది. శవాన్ని ఇల్లు చేర్చాలంటే చుట్టాలందరూ చందా వేస్తారు. కాబట్టి తిరుగు ప్రయాణానికి డీజిలు లోటు ఎన్నడూ రాలేదు.

"అది ఎక్కినవాళ్ళు ఎవరైనా కూచుని తిరిగొచ్చారా అమ్మా?" అంది మైనాల.

నోర్మూసుకుని ఎక్కవే అన్నాను. ఎక్కింది.

మా వైపు దారి మీద కొమ్మలు పరిచి ఉంటే బండి అయినా చెడిపోయి ఉండాలి, దగ్గర్లో శవం అయినా ఉండాలి. మామూలు బండి పక్కన కొమ్మలు చూస్తే పాపం ఏదో చెడిపోయిందనుకుని ఆగుతారు.

ఇది ఏ బండో ఈ దారిలో అందరికీ తెలుసు.

ముందు లిలాంగ్వే పట్నం పోయే మొక్కజొన్న లారీ వచ్చింది. కొమ్మలు చూసి నెమ్మదించింది. దేవుడు పంపాడనుకుని లేచాను.

లారీ డ్రైవరు టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. బస్తాల మీద కూర్చున్న కూలీలు మాటలు ఆపేసి తలలు దించుకున్నారు. లారీ నా పక్క నుంచి మెల్లగా సాగిపోయింది.

రెండో లారీ వెంట పరిగెత్తాను. నా కూతురు, నా కూతురు అని అరుస్తూ దాని చెక్కల మీద గుద్దాను. నడుముకి కట్టుకున్న గుడ్డ జారుతున్నా చూసుకోలేదు. ఆ డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ పోయాడు.

బిడ్డ పోయిన తల్లి ఎలా అరుస్తుందో నేనూ అలాగే అరుస్తున్నానని అప్పటికి తెలిసొచ్చింది.

కొమ్మలు తీసి పారేద్దామనుకున్నాను. కానీ వెనక మలుపుంది. కొమ్మలు లేకపోతే వేగంగా వచ్చే లారీ మమ్మల్ని గుద్దేస్తుంది.

బండిలోకి వచ్చాను. మైనాల నా చెయ్యి పట్టుకుంది. ఇక వదల్లేదు.

దూరంగా చేల గట్టున కట్టెల మోపులతో వస్తున్న ఆడవాళ్ళు మా బండిని చూసి మోపులు దించారు. నేల మీద కూర్చున్నారు. శవం దాటిపోయేదాకా అలా కూర్చోవడం మా మర్యాద.

మా బండి కదిలేది కాదు. వాళ్ళూ లేవలేదు.

"వాళ్ళెందుకు కూచున్నారమ్మా?"

కట్టెలు బరువు కదా, అలసట తీర్చుకుంటున్నారని చెప్పాను. నా పై గుడ్డ తీసి కిటికీకి అడ్డం కట్టాను.

మైనాల పెదవులు తెల్లబడుతున్నాయి.

కాసేపటికి పక్క పల్లె నుంచి ఒక ముసలామె వచ్చింది. వెనక ఇద్దరు ఆడపిల్లలు. ముసలామె చేతుల్లో మొక్కజొన్న పిండి గిన్నె, దాని మీద తెల్లగుడ్డ. చావున్న చోటికి మేం ఉత్త చేతులతో వెళ్ళం, పిండి పట్టుకెళ్తాం.

ఆమె గిన్నెని బండి తలుపు ముందు పెట్టి మోకాళ్ళ మీద కూర్చుంది.

"పోయిందెవరమ్మా?" అని నెమ్మదిగా అడిగింది.



లోపల్నుంచి మైనాల జవాబిచ్చింది.

"ఇంకా ఎవరూ పోలేదమ్మమ్మా."

ముసలామె అదిరిపడి లేచింది. తప్పుగా అనకూడదు, క్షణం ఆలస్యం చెయ్యలేదు. పిల్లలిద్దర్నీ మలుపు దగ్గరికి తరిమింది. దారికి అడ్డంగా నిలబడి, ఎవరొచ్చినా ఆపి తీరాలని చెప్పింది.

తను బండి ఎక్కి మైనాల పొట్ట మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి ఇంకోచోటికి మార్చింది. తర్వాత చెవి ఆనించి కళ్ళు మూసుకుంది.

మైనాల ఆమె మొహమే చూస్తోంది. నేనూ అదే చూస్తున్నాను.

"ధైర్యంగా ఉండు తల్లీ," అని దాని తల నిమిరి దిగింది.

ఎలా ఉందని అడిగాను. వినపడనట్టు మలుపు వైపు చూసింది.

లారీ వచ్చింది. పిల్లల్ని చూసి ఆగింది. కూలీలు దిగి, బస్తాలు సర్ది చోటు చేశారు. దుప్పటితో సహా మైనాలని ఎత్తి పడుకోబెట్టారు. నేను దాని తల ఒళ్ళో పెట్టుకున్నాను.

లారీ కదిలింది. పిండి గిన్నె ఇంకా మా బండి తలుపు దగ్గర ఎండలోనే ఉంది.

ముసలామె వంగి గిన్నె ఎత్తుకుంది. ఇంటికి పట్టుకుపోతుందనుకున్నాను. గిన్నె ఇంటికే పట్టుకుపోవాలని దేవుళ్ళందరికీ మొక్కాను.

ఆమె గిన్నెని మామిడిచెట్టు నీడలో పెట్టి, గుడ్డ సరిగ్గా కప్పి, పక్కన కూర్చుంది.