ముప్పై రోజుల గడువు

“ఈ ప్యాకేజీ తీసేస్తే ఎవడేడుస్తాడు నోరీన్? లోకం మొత్తం మీద ఒకే ఒక్క కంప్యూటర్‌లో ఉంది!” తెర మీద వేలితో పొడుస్తూ అన్నాడు గార్త్.

డులూత్ లైబ్రరీ వెనక గదిలో ప్రతి శనివారం వాళ్ళిద్దరిదీ జీతం బత్తెం లేని పని. ఎవరెవరో రాసిన ప్రోగ్రాములను తెచ్చి, వాటికి కావలసినవన్నీ కలిపి ప్యాకేజీ కట్టి, ఏమీ తెలియనివాళ్ళు కూడా ఒక్క బటన్ నొక్కి తమ కంప్యూటర్‌లో ఎక్కించుకునేలా సర్వర్‌లో ఉంచుతారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా రెండు వేల ప్యాకేజీలూ మళ్ళీ కట్టుకోవాలి. ఈ ఒక్కటి మాత్రం మూడు వారాలుగా మొరాయిస్తోంది.

“ఆ ఒక్కరికీ దాంతో ఏం అవసరమో?” అంది నోరీన్.

“మొదట కట్టినవాడు వివరం రాసి చస్తేగా! ‘కెమెరాకు సంబంధించినది’ అని ఒక్క ముక్క పడేసి చేతులు దులుపుకున్నాడు. మెయిల్ పెడితే జవాబు లేదు. ఎవడి గ్యారేజీలోనో ఆపడం మరిచిపోయిన పాత డబ్బా అయ్యుంటుంది.”

“నిజంగా మనిషే ఉంటే?”

“ఉంటే అరుస్తాడు. మన పద్ధతి మనకుందిగా! తీసేసి ముప్పై రోజులు చూద్దాం. ఒక్కడు ఫిర్యాదు చేసినా నేనే కూర్చుని మళ్ళీ కడతా. సరేనా తల్లీ?”

నోరీన్ నిట్టూర్చి తనే తీసేసింది. అది అక్టోబరు మొదటి వారం. ఆ రాత్రి అప్‌డేట్‌తో ఆ ఒక్క కంప్యూటర్‌లోంచీ అది తుడిచిపెట్టుకుపోయింది.

ఆమె రోజూ ఫిర్యాదుల పెట్టె తెరిచి చూసేది. పదో రోజు లేదు. ఇరవయ్యో రోజు లేదు. ముప్పై ఒకటో రోజున దాచి ఉంచిన కాపీ కూడా చెరిపేసింది.

“చెప్పానా?” అన్నాడు గార్త్.

డిసెంబరు మొదట్లో లైబ్రరీకి ఫోన్ వచ్చింది.

“అమ్మా, నా పేరు ఆర్లీన్ మాకి. క్లోకే నుంచి. మా ఆయన టోయివో కంప్యూటర్ ఇంకో రోగికి ఇద్దామనుకుంటున్నా. రిపేరతను చూసి, కెమెరా ప్యాకేజీ ఏదో లేదు, మీ దగ్గర అడగమన్నాడు.”

నోరీన్ ఫోన్‌ను చెవికి అదుముకుంది. “ఆయన దాంతో ఏం చేసేవారండీ?”

“రాసేవాడమ్మా. ఒళ్ళంతా పడిపోయింది, మాట పోయింది. కళ్ళొక్కటే మిగిలాయి. ఏ అక్షరం వైపు చూస్తే, కెమెరా కనిపెట్టి ఆ అక్షరం తెర మీద వేసేది. కాఫీ నీళ్ళలా ఉందని రోజూ నన్ను ఆడిపోసుకునేవాడు.” ఆమె కాస్త నవ్వింది. “అక్టోబరు నుంచి ఒక్క అక్షరం పడలేదు. ఊరికే కళ్ళు తిప్పేవాడు. తెలివి కూడా పోయిందన్నారు డాక్టర్లు.”

“ఇప్పుడు... ఆయన?”

“పోయాడమ్మా. ఊపిరి మెషిన్ తీయించే ముందు వారం రోజులు ఆ తెర ఆయనకెదురుగా పెట్టుకుని కూర్చున్నా. ‘నీకిష్టం లేకపోతే ఒక్క అక్షరం రాయి టోయివో, మెషిన్ తీయనివ్వను’ అని బతిమాలా. ఏమీ రాయలేదు. ఒప్పుకున్నట్టే కదమ్మా?”